కల్లం దగ్గర గదికి మూడు కిలోవాట్ల సోలార్ ఎందుకండీ?

ప్రశ్న: మాది గుంటూరు. ఊరికి దూరంగా మా మిర్చి చేను పక్కనే రేకుల గది కట్టాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లంలో కాయ ఆరుతున్నన్నాళ్లు కాపలా దంపతులు అక్కడే ఉంటారు. కరెంటు లైను లేదు. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 5 కేవీఏ ఇన్వర్టర్, నాలుగు 150 ఏహెచ్ బ్యాటరీలకు డీలర్ 2,90,000 చెప్పాడు. సబ్సిడీ కూడా వస్తుందంటున్నాడు. చేతిలో లక్ష ఉంది. మిగతాదానికి బంగారం కుదువ పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ముందు సబ్సిడీ మాట తేల్చేద్దాం. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద వచ్చే 78,000 గ్రిడ్‌కు, అంటే ఊరి కరెంటు లైనుకు కలిపిన ఇంటి కప్పు సోలార్‌కే. చేలో బ్యాటరీ సిస్టమ్‌కు రాదు. డీలర్ తెలిసినవాడే కావచ్చు, ఇక్కడ మాత్రం మొహమాటపడకండి.

ఇక వాడకం చూడండి. తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 600 వాట్-అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్). నాలుగు ఎల్‌ఈడీ బల్బులు ఐదు గంటలకు 180. దొంగల భయానికి పెట్టే కెమెరా, రౌటర్ రోజంతా 240. చిన్న టీవీ, ఫోన్ల చార్జింగ్ కలిపి 150. మొత్తం రోజుకు 1.2 యూనిట్లు. ఇంట్లో పాత 75 వాట్ల ఫ్యాన్లు ఉన్నాయి కదా అని అవే తెచ్చి బిగిస్తే ఒక్క ఫ్యాన్లకే 1.5 యూనిట్లు పోతాయి.

మూడు కిలోవాట్లు మన ఎండకు రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. విజయవాడలో ఇంటి మీద పెట్టుకున్నవాళ్లకైతే మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, బిల్లులో తగ్గుతుంది. మీ చేలో కొనేవాడెవడు? పొద్దున పది దాటేసరికి బ్యాటరీలు నిండుతాయి, ఆ తర్వాత ఎండంతా వృథా. పైగా 5 కేవీఏ ఇన్వర్టర్లు చాలావరకు ఖాళీగా ఆన్‌లో ఉన్నా 40-50 వాట్లు తాగుతాయి. అంటే రోజుకు ఇంచుమించు ఒక యూనిట్! మీ గది మొత్తం వాడకమే అంత.

మీకు సరిపోయేది ఒక 540 వాట్ల ప్యానెల్, సిరీస్‌లో రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు, ఒకటిన్నర కేవీఏ 24 వోల్టుల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్. నష్టాలు పోగా ప్యానెల్ రోజుకు 1.9 యూనిట్లు ఇస్తుంది. బ్యాటరీల్లో 3.6 యూనిట్లు పట్టినా సగమే వాడాలి, అదే మీకు ఒకటిన్నర రోజుకు సరిపోతుంది. తుఫాన్ల కోసం అంతకన్నా పెద్దవి కొనకండి. అవి వచ్చే అక్టోబరు, నవంబరుల్లో మీ గదిలో ఎవరూ ఉండరు, మనుషులుండే నెలల్లో ఎండకు కొదవలేదు.

ప్యానెల్ కరెంటును బ్యాటరీలోకి సరిగ్గా ఎక్కించే చార్జ్ కంట్రోలర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. చవకగా వస్తుందని పీడబ్ల్యూఎం అనే రకం అంటగడతారు. 540 వాట్ల ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం ఆ వోల్టేజిని బ్యాటరీ చార్జయ్యే వోల్టేజికి, అంటే 27కు లాగేస్తుంది. 13 ఇంటూ 27 అంటే 350 వాట్లే, మూడోవంతు పోయినట్టే. ప్యానెల్ పవర్‌ను అలా పోనివ్వకుండా దాదాపు మొత్తం వాడుకునే ఎంపీపీటీ రకం, 30 ఆంపియర్లది తీసుకోండి. దాని ఇన్‌పుట్ 100 వోల్టులు తట్టుకోవాలి.

స్టాండు, వైర్లు, ఎర్తింగ్‌తో కలిపి లక్ష లోపే తేలుతుందని నా అంచనా. బంగారం ఇంట్లోనే ఉంటుంది. 1,90,000కు పది శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 19,000 మిగిలినట్టే. ఫ్రిజ్ కావాలంటే రోజుకు ఇంకో యూనిట్ వేసుకోండి. అప్పుడు ప్యానెల్, బ్యాటరీ రెండూ దాదాపు రెట్టింపవుతాయి. కాపలా గదికి నేనైతే పెట్టను.

బ్యాటరీలను రేకుల కింద వేడిలో పెట్టకండి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. బయట నీడలో, గాలి ఆడేచోట చిన్న గూడు కట్టించండి. ఎంత జాగ్రత్తగా చూసినా నాలుగైదేళ్లకు మార్చక తప్పదు కాబట్టి ఇప్పటి నుంచే నెలకు 750 ఆర్డీలో వేయండి. నాలుగేళ్లకు వడ్డీ కాక 36,000 చేతికొస్తాయి. కొటేషన్‌లో ప్రతి వస్తువు మోడల్, వారంటీ విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.