ఈఈజీ తీస్తే మనసులో మాట బయటపడుతుందా?

ప్రశ్న: నా వయసు 23. మాది ఖమ్మం, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య రెండుసార్లు ఉన్నట్టుండి పడిపోయాను. రెండోసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని హాస్టల్‌లో అమ్మాయిలు చెప్పారు. న్యూరాలజిస్ట్ వీడియో ఈఈజీ (మెదడులోని విద్యుత్తును గీతలుగా నమోదు చేసే పరీక్ష) చేయించమన్నారు. మనిషి అనుకున్నది మెషిన్ అక్షరాలుగా రాసేస్తోందని యూట్యూబ్‌లో చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇంట్లో చెప్పని విషయం ఒకటి నా మనసులో ఉంది. పరీక్షప్పుడు అమ్మానాన్న పక్కనే ఉంటారు. అది తెలిసిపోతుందా? పరీక్ష మానేస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: తెలిసిపోదు. మీరు ఎవరిని తలచుకుంటున్నారో, ఏం దాస్తున్నారో ఈఈజీ గీతల్లో కనిపించదు. ఈ భయంతో మాత్రం పరీక్ష మానకండి.

తల మీద ఇరవై చోట్ల దాకా పేస్టుతో చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. లక్షల నాడీకణాలు కలిసి స్పందించినప్పుడు పుట్టే విద్యుత్తు పుర్రె, చర్మం దాటి పైకి వచ్చేసరికి వోల్టులో పదివేలో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. ఊరి బయట నిలబడితే సంత హోరు వినిపిస్తుంది కానీ, ఏ కొట్టు దగ్గర ఎవరు ఏం బేరమాడుతున్నారో వినిపించదు కదా, అంతే. కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 చొప్పున అలలు వస్తాయి, తెరిస్తే పోతాయి. మేం వెతికేది వాటి మధ్య ఫిట్స్‌కు గుర్తుగా సూదిమొనలా లేచే స్పైకుల కోసం. మీరు మనసులో ఎక్కాలు చదువుకున్నా, ఎవరి పేరో జపించినా నాకు తెలిసేది మీరు మెలకువగా ఉన్నారన్నంత వరకే. అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేవి రెప్పపాట్లు, పళ్లు బిగించినప్పుడు దవడ కండరాల గీతలు. టెన్షన్ పడుతున్నారని తెలిస్తే వాటివల్లే తెలియాలి.

విచిత్రం ఏమిటంటే, ఈ పరీక్ష కనిపెట్టిన జర్మన్ డాక్టర్ హాన్స్ బెర్గర్ మొదలుపెట్టింది మనసులు ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకుందామనే. సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్న రోజే, ఎక్కడో దూరంగా ఉన్న అక్క మనసు కీడు శంకించి, తండ్రి చేత టెలిగ్రాం కొట్టించిందట. అప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. 1924లో మనిషి మెదడు అలలను తొలిసారి నమోదు చేశారు. టెలిపతీ దొరకలేదు, ఫిట్స్ రోగులకు మాత్రం మంచి పరీక్ష దొరికింది.

మీరు చూసిన వీడియోలు అబద్ధం కాదు, సగం చెప్పి వదిలేస్తాయి. 2023లో అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు చేసింది ఈఈజీతో కాదు, గదంత ఎంఆర్ఐ మెషిన్‌తో. ఒక్కొక్కరిని విడతలవారీగా మొత్తం 16 గంటలు అందులో పడుకోబెట్టి పాడ్‌కాస్టులు వినిపించి, ఆ మనిషి మెదడుకు సరిపోయేలా కంప్యూటర్‌కు నేర్పారు. అప్పుడు కూడా 'నాకింకా డ్రైవింగ్ లైసెన్స్ లేదు' అని వింటే, 'ఆమె ఇంకా డ్రైవింగ్ నేర్చుకోవడమే మొదలుపెట్టలేదు' అని రాసింది. భావం దగ్గరగా వచ్చింది, మాటలు రాలేదు. ఒకరి మీద నేర్పింది ఇంకొకరి మీద పనిచేయలేదు. మనసులో జంతువుల పేర్లు అనుకుంటే చాలు, తికమకపడింది.

పుర్రె తెరిచి మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే పద్ధతి వేరు. పక్షవాతంతో మాట పోయినవాళ్ల కోసం అది. నన్నడిగితే, అసలు ఆలోచించాల్సింది దీని గురించే. 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పెదవి కదపకుండా మనసులో అనుకున్న మాటలను కూడా కొంతవరకు పట్టగలిగారు. చెప్పాలనుకోని అంకెలు కూడా కొన్ని దొరికాయి. అందుకే మనసులో ఒక పాస్‌వర్డ్ అనుకుంటే తప్ప మెషిన్ వినకుండా ఏర్పాటు చేసి చూశారు. చిలీ దేశం 2021లోనే మెదడు సమాచారానికి రాజ్యాంగ రక్షణ కల్పించింది. తల మీద పెట్టుకునే బ్యాండ్ అమ్మిన కంపెనీని, సేకరించిన మెదడు డేటా చెరిపేయమని 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. మన 2023 డేటా రక్షణ చట్టంలో మెదడు డేటాకంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. కాబట్టి ధ్యానానికి, నిద్రకు అంటూ ఆన్‌లైన్‌లో దొరికే హెడ్‌బ్యాండ్లు కొనేముందు ఆ డేటా ఎవరి దగ్గరికి పోతుందో చూసుకోండి.

మన దగ్గరా ఒక కథ ఉంది. 2008లో పుణెలో ఒక హత్య కేసులో, నేరం జ్ఞాపకం ఉందో లేదో చూస్తామంటూ నిందితురాలికి ఈఈజీ టోపీ పెట్టి చేసిన పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుని కోర్టు శిక్ష వేసింది. నాడీశాస్త్రజ్ఞులు చాలామంది దాన్ని తప్పుపట్టారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా ఇలాంటి పరీక్షలు చేయకూడదని తేల్చి చెప్పింది.

ఇక మీ గుట్టు బయటపడే దారులు వేరే ఉన్నాయి. వీడియో ఈఈజీలో కెమెరాతోపాటు మైకు కూడా ఉంటుంది. మీ తలపులు రికార్డు కావు, కానీ మంచం మీద పడుకుని మీరు ఫోన్‌లో గుసగుసగా మాట్లాడేది ఖాయంగా రికార్డవుతుంది! రికార్డింగ్‌ను ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని సంతకం పెట్టేముందు అడగండి. రిపోర్టును మీ చేతికే ఇవ్వమనండి. దాన్ని ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా నాన్నగారికి ముందే చెప్పండి. ఫిట్స్ ఉన్నాయంటే పెళ్లి కాదన్న భయంతో అమ్మానాన్నే దాన్ని దాచమని అనవచ్చు. మూర్ఛను కారణంగా చూపి హిందూ వివాహాన్ని రద్దు చేసే నిబంధనను 1999లోనే తీసేశారని వాళ్లకు చెప్పండి.

ఒక్క మాట, నొచ్చుకోకండి. ఇంట్లో చెప్పనివి కొన్ని డాక్టరుకు చెప్పాలి. మద్యం, నిద్ర లేకపోవడం, గర్భం వచ్చే అవకాశం, గర్భనిరోధక మాత్రలు, ఇవన్నీ ఫిట్స్ మందుల ఎంపికను మార్చేస్తాయి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. కార్బమజిపైన్, ఫెనిటాయిన్ లాంటివి గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తాయి. 'డాక్టర్‌గారూ, ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి' అని అడగండి. మీకు పద్దెనిమిదేళ్లు దాటాయి, మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు.

పరీక్ష మానేస్తే అవి ఫిట్సా, మామూలుగా కళ్లు తిరిగి పడిపోవడమా తేల్చడం కష్టమవుతుంది. మందులు పూర్తిగా వేరు. ఒక్క ఈఈజీ నార్మల్‌గా వచ్చినా ఫిట్స్ లేవని అర్థం కాదు. తేలేదాకా స్కూటీ నడపకండి, ఈత వద్దు, బాత్రూం గొళ్లెం పెట్టుకోకండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చేయాలని రూమ్మేట్లకు చెప్పి ఉంచండి.

మీ భయం వీడియో చూసి పుట్టింది, అది వేరు. ఏ మెషినూ లేకుండానే తమ ఆలోచనలు అందరికీ వినిపిస్తున్నాయని రోజుల తరబడి అనిపించేవాళ్లు కొందరుంటారు. వాళ్లతో వాదించకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

పరీక్షకు ముందురోజు తలస్నానం చేయండి, నూనె పెట్టుకోకండి. తక్కువ నిద్రపోయి రమ్మంటే అలాగే రండి. మందులు మొదలుపెట్టి ఉంటే డాక్టరు చెప్పకుండా ఆపకండి. పేస్టు జుట్టుకు అంటుకుంటుంది, గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది.
– న్యూరాలజిస్ట్