వేళ తెలుసుకుని వెళ్లు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలకొక ఆదివారం విశాఖ చుట్టుపక్కల ఇంతవరకు చూడని చోటికి వెళ్లి రావాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై దాటాక, ఆఫీసు పనికీ ఇంటి పనికీ మధ్య ఊపిరాడని రోజుల్లో నీకు ఆ కోరిక పుట్టినందుకు ఎంత పొంగిపోయానో, మొదట వెళ్లేది సముద్రపు ఒడ్డునున్న మంగమారిపేటకే అని విన్నాక అంత కలవరపడ్డాను.

నీళ్ల సీసా, టోపీ, జారని చెప్పులు మరచిపోకు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పటికి తిరిగి వస్తావో ఇంట్లో చెప్పి బయలుదేరు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేళ గురించి. కొండకర్ల ఆవ సరస్సుకు మండు వేసవి మధ్యాహ్నం వెళ్లినవారు అక్కడ చూడడానికి ఏమీ లేదని పెదవి విరుస్తారు. చలికాలం ఉదయాన్నే వెళ్లి తాటి దోనె ఎక్కితే, దోనె నడిపే అతను గడ వేసే చప్పుడు తప్ప మరేదీ వినిపించని ఆ నీటి మీద వలస పక్షులను చూస్తూ గంటలు గడపవచ్చు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించింది. సాయంత్రపు ఏటవాలు ఎండ పడినప్పుడే వాటి రంగు తెలుస్తుంది. లోపల వాన నీరు కోసిన గెడ్డలన్నీ ఒకేలా ఉంటాయి కనుక దిగిన చోటు గుర్తు పెట్టుకో, చీకటి పడకముందే పైకి వచ్చేయి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలం చివర మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అటవీ శాఖ వారు వాటిని నీటి అంచున వదిలేటప్పుడు తప్పక వెళ్లు. అరచేతిలో పట్టేంత పిల్ల తడి ఇసుక మీద పాకుతూ వెళ్లి, అల వెనక్కి విసిరేస్తే బోర్లా పడి, సర్దుకుని మళ్లీ నీటివైపే తిరగడం చూస్తుంటే నీకు ఫోను తీయాలన్న ధ్యాసే ఉండదు. తీసినా ఫ్లాష్ వేయకు. వెలుగు వాటిని దారి తప్పిస్తుంది. పాపమని చేతిలోకి తీసుకోవద్దు కూడా.

ఇక మంగమారిపేట. అక్కడి శిలాతోరణం దగ్గరికి వెళ్లాలంటే సముద్రం వెనక్కి తగ్గాలి. నీరు పెరిగే పోటుకూ తగ్గే ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. రోజురోజుకూ ఆ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీరు ఎంత దూరం తగ్గుతుందో అంత పైకీ వస్తుంది. ఇవేవీ కనుక్కోకుండానే, నువ్వింకా పుట్టని రోజుల్లో, కార్తీక పౌర్ణమి మర్నాడు వనభోజనాలు ముగించుకుని మీ నాన్న మమ్మల్నందరినీ అక్కడికి తీసుకువెళ్లారు. పులిహోర గిన్నెలు కడిగి సర్దుకునేసరికి నాలుగు దాటింది. నీరు అప్పటికే మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. ఆయన మీ అన్నయ్యను భుజాన ఎక్కించుకుని నాచు పట్టిన రాళ్ల మీద నుంచి తోరణం దాకా వెళ్లారు. దాని కింద నిలబడి చేయి ఊపారు కూడా. ఇంతలో వారికీ మాకూ మధ్య, పొడిగా కనిపించిన పల్లం నిండిపోయింది. దిగబోతే మోకాలు దాటి నీరు, లాగేసే అల, రాళ్లకు అంటుకున్న గుల్లలు పాదాలను కోసేస్తున్నాయి. మీ అమ్మ అరుపు విని, వలలు బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు పరుగున వచ్చి, ఇంకొక వైపు నుంచి రాయి రాయికీ అడుగు ఎక్కడ వేయాలో చెబుతూ ఇద్దరినీ ఒడ్డుకు చేర్చాడు. ఒక్క గంట ముందు ఆ మనిషిని అడిగి ఉంటే సరిపోయేది.

ఆనాటి నుంచి మీ నాన్న పిల్లలను సముద్రం వైపు తీసుకువెళ్లనే లేదు. ఆ కొండలకూ తీరానికీ అంత దగ్గరగా ఉండి కూడా నీ బాల్యమంతా సెలవులు నాలుగు గోడల మధ్యే గడిచిపోయాయి. అడిగినప్పుడల్లా ఆయన కసురుకున్నది నీ మీద కోపంతో అనుకున్నావేమో తల్లీ, ఆ పల్లం నిండిన క్షణాన్ని ఆయన ఎన్నడూ మరచిపోలేకపోయారు. అంత భయపడిన మనిషిని నేను తప్పు పట్టలేను. కానీ వేళ తెలియకపోవడం వల్ల జరిగిన దానికి నీ సముద్రాన్ని నీకు దూరం చేయడం ఇంకా పెద్ద పొరపాటని అప్పుడే అని ఉండవలసింది, ఎవరమూ అనలేదు.

కాబట్టి వెళ్లు. ఆటు వేళ ముందురోజే చూసుకో, ఊళ్లో మత్స్యకారులను అడుగు, నీరు పూర్తిగా తగ్గకముందే చేరుకో, మళ్లీ పెరగడం మొదలుపెట్టగానే మారు మాట లేకుండా ఒడ్డుకు వచ్చేయి. ఒంటరిగా రాళ్ల మీదికి పోవద్దు. మన తీరంలో ఎక్కడా ఈతకు దిగవద్దు. లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు.

తోరణానికి వెళ్లేముందు ఒక ఆదివారం తొట్లకొండకు వెళ్లి, సుమారు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారపు శిథిలాల దగ్గర కూర్చుని ఆ తీరాన్నంతా పై నుంచి చూడు. దానికి మాత్రం మీ నాన్నను కూడా రమ్మను. మోకాళ్ల నొప్పులని తప్పించుకోబోతారు. కొండ పైదాకా కారు వెళ్తుందని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ