భాషా సందేహాలు: గెలుపూ ఓటమీ ఇంగ్లీషులో

ప్రశ్న: కళాశాల గోడపత్రికకు క్రికెట్ పోటీ వార్త రాస్తూ 'అవర్ టీమ్ వన్ ది సీనియర్స్' అన్నాను. మా మేడం 'వన్' కొట్టేసి 'బీట్' అని దిద్దారు. గెలవడాన్ని 'విన్' అనే కదా అంటారు?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ మేడం దిద్దినదే సరైనది. తెలుగులో 'గెలుచు' అనే క్రియకు పరిధి ఎక్కువ. పందెం గెలిచాడంటాం, శత్రువును గెలిచాడంటాం, మనసు గెలిచాడనీ అంటాం. ఇంగ్లీషు 'విన్'కు కర్మగా ఆట, బహుమతి, పతకం, ఎన్నిక వంటివి వస్తాయి గాని ఎదుటిపక్షం రాదు. ఎవరిని ఓడించామో చెప్పాలంటే 'బీట్' గాని 'డిఫీట్' గాని వాడాలి. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మన జట్టు ప్రపంచకప్పు అందుకున్న సంగతిని 'ఇండియా వన్ ది ఫైనల్' అని చెప్పవచ్చు, 'ఇండియా బీట్ ది వెస్టిండీస్ బై ఫార్టీత్రీ రన్స్' అనీ చెప్పవచ్చు. 'ఇండియా వన్ ది వెస్టిండీస్' అంటే మాత్రం వెస్టిండీస్ జట్టునే బహుమతిగా ఇచ్చారన్న అర్థం ధ్వనిస్తుంది. 'బీట్' భూతకాలంలోనూ 'బీట్' గానే ఉంటుందని, 'బీటెడ్' అనే రూపం లేదని కూడా గుర్తుంచుకోండి.

మనం 'సీనియర్ల మీద గెలిచాం' అంటాం కనుక 'వన్ ఆన్ సీనియర్స్' అని రాయాలనిపిస్తుంది. అది తప్పు, 'వన్ అగెనెస్ట్' అనవచ్చు. పత్రికల్లో కనిపించే 'విక్టరీ ఓవర్' సరైనదే, ఎందుకంటే అక్కడ 'విక్టరీ' నామవాచకం. 'విన్ ఓవర్' అని క్రియగా వాడితే ఎదుటివారిని ఒప్పించి మనవైపు తిప్పుకోవడమని అర్థం మారిపోతుంది. ఓటమి విషయంలో మనం 'వాళ్ల చేతిలో ఓడిపోయాం' అంటాం, ఇంగ్లీషులో చేయి అక్కరలేదు, 'లాస్ట్ టు దెమ్' చాలు.

ఇక్కడే మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. ఓడిపోవడాన్ని తెలిపే క్రియకు స్పెల్లింగులో 'ఓ' ఒక్కటే, వదులు అనే అర్థమున్న పదానికి రెండు. ఉచ్చారణలో మొదటిది 'లూజ్', రెండోది 'లూస్'. మనం వదులు చొక్కాను 'లూజు చొక్కా' అనడానికి తరతరాలుగా అలవాటు పడ్డాం కనుక రెండూ తారుమారవుతాయి. ఈ తికమకకు కారణం మన నిర్లక్ష్యం కాదు, మన అలవాటే.

ప్రశ్న: 'ఫెయిల్డ్ టు గెట్' అనవచ్చు గాని 'సక్సీడెడ్ టు గెట్' అనకూడదని వ్యాకరణ పుస్తకంలో ఉంది. పిల్లలు కారణం అడిగితే చెప్పలేకపోతున్నాను.
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: అర్థంలో ఎదురెదురుగా ఉన్న మాటలు వాక్యనిర్మాణంలోనూ జంటగా నడవాలన్న నియమం ఏ భాషలోనూ లేదు. 'సక్సీడెడ్ ఇన్ గెట్టింగ్', 'మేనేజ్డ్ టు గెట్', 'ఫెయిల్డ్ టు గెట్' అనే మూడింటినీ మూడు వాక్యాలతో కలిపి నేర్పించండి. ఇక కారణం అడిగే పిల్లలకు ఆ మాట చరిత్ర చెప్పడం మంచిది, పిల్లలు దాన్ని ఇష్టంగా వింటారు కూడా. 'సక్సీడ్' లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్న భావం గెలవడం కాదు, ఒకరి వెంట ఒకరు రావడం. అందుకే వారసుణ్ణి 'సక్సెసర్' అంటారు, వరుసగా వచ్చేవాటిని 'సక్సెసివ్' అంటారు. 2022 సెప్టెంబరు 8న ఎలిజబెత్ రాణి మరణించినప్పుడు 'చార్లెస్ సక్సీడెడ్ టు ది థ్రోన్' అన్నారు. అంటే సింహాసనానికి వారసుడయ్యాడని. 'టు' అనే విభక్తి ఆ పాత అర్థం దగ్గరే ఉండిపోయింది, కొత్త అర్థానికి 'ఇన్' వచ్చింది.

ఒక పని వెంట వచ్చేది దాని ఫలితమే కనుక, కొన్ని శతాబ్దాల క్రితం 'సక్సెస్' అంటే మంచిదైనా చెడ్డదైనా ఏదో ఒక ఫలితమని మాత్రమే అర్థం. 1611లో ఇంగ్లండులో వెలువడిన బైబిల్ అనువాదంలో, యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయంలో 'గుడ్ సక్సెస్' అని ఉండటానికి ఇదే కారణం. 'గుడ్' అని విడిగా చెప్పవలసిన అవసరం అప్పట్లో ఉండేది. ఈ నేపథ్యం తెలిసిన విద్యార్థి 'త్రీ సక్సెస్‌ఫుల్ అటెంప్ట్స్'కూ 'త్రీ సక్సెసివ్ అటెంప్ట్స్'కూ మధ్య పొరబడడు: మొదటివి ఫలించిన ప్రయత్నాలు, రెండోవి వరుస ప్రయత్నాలు, అవి మూడూ విఫలమై ఉండవచ్చు.

దీనికి తోడు మన 'గలిగాను' పెట్టే చిక్కు ఒకటుంది. 'నిన్న ఎలాగో టికెట్ సంపాదించగలిగాను' అన్నదాన్ని చాలామంది 'ఐ కుడ్ గెట్ ఎ టికెట్' అని రాస్తారు. గతంలో ఉండిన సామర్థ్యాన్ని, ఉదాహరణకు 'చిన్నప్పుడు చెట్లెక్కగలిగేవాణ్ణి' అన్నదాన్ని, 'కుడ్' చెప్పగలదు. ఒక్కసారి జరిగి ఫలించిన పనికి మాత్రం 'వాజ్ ఏబుల్ టు' గాని 'మేనేజ్డ్ టు' గాని వాడాలి. 'ఎలాగో' అన్న మాటలోని శ్రమ 'మేనేజ్డ్'లో ఉంది. వ్యతిరేకార్థంలో ఈ భేదం లేదు, 'కుడ్ నాట్ గెట్' ఎప్పుడైనా సరైనదే.

ప్రశ్న: ఫోన్ ఇంటర్వ్యూలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021 విత్ త్రీ బ్యాక్‌లాగ్స్, ఐ క్లియర్డ్ దెమ్ ఇన్ సప్లీ' అన్నాను. అవతల ఉన్న అమెరికన్ రెండుసార్లు మళ్లీ అడిగారు. నేను చేసిన తప్పేమిటి?
– ఇంజనీరింగ్ పట్టభద్రుడు, హైదరాబాద్

జవాబు: మీరు మన కళాశాలల ఇంగ్లీషు మాట్లాడారు, అది ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, అక్కడ కాదు. అమెరికన్లకు 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పడం. సైనిక శిక్షణ ముగించేవారి 'పాసింగ్ అవుట్ పరేడ్'లో మనం ఉద్దేశించిన అర్థం ఉంది గాని, చదువు ముగిసిందనడానికి 'గ్రాడ్యుయేటెడ్' అన్నదే అంతటా చెల్లుతుంది. 'బ్యాక్‌లాగ్' అంటే మొదట్లో నిప్పుగూటిలో వెనకవైపు పెట్టే పెద్ద దుంగ, ఇప్పుడు పేరుకుపోయిన పని. తప్పిన సబ్జెక్టు అనే అర్థం మనదే. తమిళనాడులో దాన్నే 'అరియర్స్' అంటారు. 'సప్లీ'ని విన్న విదేశీయులు సరఫరా అనుకుంటారు. 'ఐ ఫెయిల్డ్ త్రీ ఎగ్జామ్స్ అండ్ పాస్డ్ దెమ్ వెన్ ఐ రీటుక్ దెమ్' అని ఉంటే ఒక్కసారికే అర్థమయ్యేది. బ్రిటన్‌లో అయితే 'రీసాట్' అంటారు.

ప్రశ్న: 'బాంబ్డ్' అంటే సినిమా ఆడినట్టా, ఆడనట్టా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అమెరికన్ వార్త అయితే ఆడనట్టే. బ్రిటిష్ వారు 'వెంట్ లైక్ ఎ బాంబ్' అంటే మాత్రం అద్భుతంగా సాగిందని. కనుక 'బాంబ్' ఏ పదబంధంలో వచ్చిందో చూసి అర్థం చేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్ తప్పాడు. వాట్సాప్ స్టేటస్‌లో 'ఐ యామ్ ఎ ఫెయిల్యూర్' అని పెట్టుకున్నాడు. పరీక్ష పోయిందనడానికి ఇంగ్లీషులో అలాగే అంటారా?
– గృహిణి, గుంటూరు

జవాబు: అలా అనరమ్మా. 'ఐ ఫెయిల్డ్ ఫిజిక్స్' అనేది ఒక రోజు జరిగిన సంఘటన. అది భూతకాల క్రియ, ఆ రోజుతో ముగిసింది. 'ఎ ఫెయిల్యూర్' అన్నప్పుడు క్రియ పోయి నామవాచకం వచ్చింది, ఆ పరాజయం పరీక్షను వదిలి మనిషికి పేరై కూర్చుంది. 'ద ఎగ్జామ్ వాజ్ ఎ ఫెయిల్యూర్' అని పనికి అంటే ఫరవాలేదు గాని, పదిహేడేళ్ల పిల్లవాడు తనకు తాను పెట్టుకోదగిన మాట కాదిది. మీరు రాసిన 'తప్పాడు' అన్న మాట ఎంత బాగుందో చూడండి: గురి తప్పుతుంది, దారి తప్పుతుంది, మళ్లీ గురిపెట్టవచ్చు, మళ్లీ దారిలోకి రావచ్చు.

ఇంగ్లీషులో దీనికి దగ్గరి మాట 'సెట్‌బ్యాక్', అంటే ముందుకు పోతున్న పనికి తగిలిన వెనకడుగు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మొదటిసారి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మొదటి ప్రయోగానికి తగిన మాట 'సెట్‌బ్యాక్', ఆ రెండు తేదీల మధ్య పనిచేసిన శాస్త్రవేత్తలను 'ఫెయిల్యూర్స్' అనలేం. మీ అబ్బాయి విషయంలో సరైన వాక్యం 'ఐ హావెంట్ పాస్డ్ ఫిజిక్స్ యెట్'. చివరి మాటకు అర్థం 'ఇంకా' అని.

అయితే ఈ వ్యాకరణమంతా తర్వాత చెప్పవచ్చు. ముందు ఈ రోజే అబ్బాయి పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడండి, సప్లిమెంటరీ ఫీజు గడువు ఇద్దరూ కలిసి చూడండి. అతడు సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఆ స్టేటస్ లాంటి మాటలే పదే పదే అంటున్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ-మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.