పాత ఆసిలోస్కోప్‌లో కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చకండి

ఏళ్లుగా మూలన పడి ఉన్న 1970ల నాటి అనలాగ్ ఆసిలోస్కోప్ (కరెంటు సిగ్నల్‌ని తెరమీద గీతగా చూపే పరికరం) చేతికొచ్చిందని, ఇంట్లో వాడుకోవాలనుందని, ఆన్ చేసేముందు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేయాలా అని అడిగారు. వద్దండి. ముందు కొలవండి. చెడిపోయిందని తేలినదాన్నే మార్చండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదట బాగు చేయబోయింది ఒక ఫంక్షన్ జనరేటర్, అంటే పరీక్షల కోసం రకరకాల సిగ్నల్స్ పుట్టించే పెట్టె. అవుట్‌పుట్ వణుకుతోందని ఒకే రాత్రి నలభై దాకా కెపాసిటర్లు పీకి కొత్తవి వేశాను. తెల్లారి ఆన్ చేస్తే అసలు ఏమీ రాలేదు. ఒకదాన్ని ప్లస్ మైనస్ తిప్పి పెట్టాను, ఇంకోచోట బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడి ట్రాక్ తెగింది. ఇది పాత జబ్బా, నేను తెచ్చిపెట్టిందా అన్నది తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. అసలు దోషం రేంజ్ స్విచ్‌లో పట్టిన చిలుము. పీకినవాటిని తర్వాత ఈఎస్ఆర్ మీటర్‌తో (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్ కొలిచేది) చూస్తే ముప్పైకి పైగా బాగానే ఉన్నాయి.

అందుకే తర్వాత ఒక 100 మెగాహెర్ట్జ్ స్కోప్ దొరికినప్పుడు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. మూత తీసి దుమ్ము దులిపాను, వోల్టేజ్ సెలెక్టర్ మా కరెంటుకు సరిపోయేలా ఉందో లేదో చూశాను, ఫ్యూజు సరైన విలువదేనా అని చూశాను. కరెంటు వచ్చేచోట పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పోతపోసిన పాత పేపర్ కెపాసిటర్ ఉండి, దాని ఒంటిమీద సన్నని పగుళ్లు కనిపిస్తే దాన్ని మాత్రం కొలవకుండానే మార్చేయండి. పగుళ్లలోంచి తేమ లోపలికి పోతుంది. ఒకరోజు ఫట్టుమని పేలి గదంతా పొగ నింపుతుంది. దాని బదులు మెయిన్స్ తీగల మధ్య వాడటానికే చేసిన ఎక్స్2 రకానిదే వేయండి.

ఆ తర్వాత సిరీస్ బల్బు. లోపల షార్ట్ ఉంటే కరెంటు మితిమీరి పారకుండా ఇది ఆపుతుంది. 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుని స్కోప్‌కి సిరీస్‌లో పెట్టి ఆన్ చేయాలి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే. ఇది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు లీనియర్ సప్లైకి చక్కగా పనిచేస్తుంది. స్విచింగ్ సప్లై ఉన్నవి బల్బుతో సరిగ్గా స్టార్ట్ కాకపోవచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి.

నా బల్బు కొంచెం ఎక్కువే వెలిగింది. 15 వోల్టుల రెయిల్ (సర్క్యూట్లకు కరెంటు పంచే లైను) మీద అర వోల్టు కూడా లేదు. ప్లగ్గు తీసి ఓమ్స్‌లో చూస్తే రెయిల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రెండు ఓములు. ఇలాంటిచోట టాంటలమ్ కెపాసిటర్ మీద అనుమానం రావాలి, ఎందుకంటే అవి తరచుగా షార్ట్ అయ్యే చెడిపోతాయి. కానీ ఆ రెయిల్ మీద అవి డజనుకు పైగా ఉన్నాయి. ఏది? బెంచ్ సప్లైని (వోల్టులు, ఆంపియర్లు మనమే పెట్టుకోగల పవర్ సప్లై) 1 వోల్టుకీ అర ఆంపియర్‌కీ పరిమితం చేసి ఆ రెయిల్‌కి ఇచ్చాను. మల్టీమీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కి పెట్టి, ఎర్ర వైరుతో ట్రాక్ వెంబడి మిల్లీవోల్టులు చూసుకుంటూ పోయాను. కరెంటు పారే దారిలో షార్ట్ దగ్గరపడే కొద్దీ వోల్టేజ్ తగ్గుతుంది, దాటి పక్కకు పోతే ఇక మారదు. అన్నిటికన్నా తక్కువ చూపించినచోట పూసంత టాంటలమ్ ఒకటి. పైకి దానిమీద మచ్చ కూడా లేదు. దాన్ని తీసేసి అదే విలువలో ఎక్కువ వోల్టులది వేశాను. ఆ రాత్రి తెరమీద పచ్చటి గీత వచ్చినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

రెయిల్స్ అన్నీ వచ్చాక రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయిన ఏసీ అల, ఎంతుందో చూడండి. మీ దగ్గర రెండో స్కోప్ లేకపోయినా మల్టీమీటర్ ఏసీ మిల్లీవోల్టుల రేంజ్‌తో ఒక అంచనా వస్తుంది. టెక్ట్రానిక్స్, హెచ్‌పీ కంపెనీల ఆనాటి సర్వీస్ మాన్యువల్స్ చాలావాటిలో ఏ పాయింట్ దగ్గర ఎన్ని వోల్టులుండాలో, ఏ సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో ఓపిగ్గా రాసి ఉంటుంది. వాటిని పాఠ్యపుస్తకంలా చదవండి. ఒక్క జాగ్రత్త: చాలా స్కోపుల్లో ఒక రెయిల్‌ని ఆధారం చేసుకుని మిగతావి నిలబడతాయి. అది మాన్యువల్ ఇచ్చిన హద్దుల్లో ఉంటే దాని ట్రిమ్మర్ (వోల్టేజ్ సరిచేసే చిన్న మర) జోలికి పోకండి. అది కదిలితే వర్టికల్ గెయిన్, టైమింగ్ అన్నీ కదులుతాయి.

స్విచ్‌లు కరకరమంటే స్ప్రే కొట్టాలనిపిస్తుంది. అటెన్యుయేటర్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే స్విచ్ భాగం) కాంటాక్టుల్లో మాత్రం కొట్టొద్దు. సన్నని కాగితం ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టు మూసి ఉండగా మధ్యలోంచి నెమ్మదిగా లాగండి. కాగితానికి నల్లగా అంటుకొస్తుంది.

ప్రాణానికి సంబంధించిన మాటలు రెండు. ప్లగ్గు తీసినా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో, పిక్చర్ ట్యూబ్‌లో చార్జ్ మిగిలే ఉంటుంది. ట్యూబ్ వైపు వేల వోల్టులు. మీటర్‌తో చూసి, రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మళ్లీ మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. రెండోది, కొలతలో అడ్డొస్తోందని ఎర్త్ పిన్ను తీసేసి స్కోప్ వాడొద్దు. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ దేనికి తగిలితే ఆ వోల్టేజ్ స్కోప్ ఒంటిమీదికి వచ్చేస్తుంది.

స్కోప్ తర్వాత పాత బెంచ్ మల్టీమీటర్ కొనాలని కూడా రాశారు. హెచ్‌పీ 3478ఎ లాంటివాటిలో క్యాలిబ్రేషన్ అంకెలు బ్యాటరీ అండతో ఉన్న మెమరీలో ఉంటాయి. బ్యాటరీని అలాగే పీకేస్తే అవి చెరిగిపోతాయి, మీటర్ బాగానే ఉన్నా రీడింగులు నమ్మలేం. ముందు జీపీఐబీ (పరికరాన్ని కంప్యూటర్‌కి కలిపే పాతకాలపు కనెక్షన్) ద్వారా ఆ అంకెల్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే బ్యాటరీ మార్చండి.