దివాభీతం: భయం ఎవరిది?

సందేహం: మా బడి గోడపత్రికకు ‘రాత్రి తిరిగే జీవులు – ఆధ్యాత్మిక సంకేతాలు’ అనే అంశం తీసుకున్నాం. పిల్లలు గుడ్లగూబకు ‘దివాభీతం’ అనే పర్యాయపదం వెతికి రాసుకొచ్చారు. పగటికి భయపడేది అని నేను అర్థం చెప్పాను. పగటిపూట కనబడి భయపెట్టేది అని మా తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. ఏది సరైనది? ఇంతకీ గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమా, అపశకునమా? ‘చెవి గూబ’లోని గూబ కూడా ఇదేనా?
— ఒక ఉపాధ్యాయిని, చంద్రగిరి

సమాధానం: అమ్మా, ముందు మీ తోటి ఉపాధ్యాయుడి మాట తేల్చేద్దాం. ‘భీత’ అంటే భయపడినది. భయపెట్టేది అనే అర్థం దానికి ఏ దారిన వెళ్లినా రాదు. అందుకు భీకరమో భీషణమో కావాలి. ఆయన పక్షం వీగిపోయింది.

మీ పక్షం మాత్రం పూర్తిగా నెగ్గిందా? ‘దివా’ అన్నది అవ్యయం, పగటిపూట అని దాని అర్థం. దివాస్వప్నం అంటే పగటిపూట కనే కల అంటున్నాం గాని పగటిని గురించిన కల అనడం లేదు కదా. అదే వరసలో దివాభీతం అంటే పగటిపూట భయపడి ఉండేది. పగటికే భయపడేది అనాలంటే పంచమీ విభక్తి కావాలి. ఆ భారం ఈ అవ్యయం మీద వేయడం కష్టం.

పగటిపూట దానికి దేని భయం? చూసినవారికి తెలుస్తుంది. తెల్లవారాక గుడ్లగూబ ఏ కొమ్మ మీదో బయటపడిందంటే కాకులు చేరి గోల చేస్తాయి, మీద మీదకు వచ్చి పొడుస్తాయి. పిడికెడంత లేని పిట్టలు కూడా కూడబలుక్కుని తరుముతాయి. అది రెక్కలు దగ్గరకు ముడుచుకుని, కళ్లు సగం మూసి, మానును అంటిపెట్టుకుని కూర్చుంటుంది. ఈ పేరు పెట్టినవాడెవడో అది కళ్లారా చూసి పెట్టాడు. అమరకోశం రాసిన అమరసింహుడు గుడ్లగూబకు చెప్పిన పేర్లలో వాయసారాతి, అంటే కాకులకు పగవాడు, ఒకటి. పంచతంత్రంలో కాకోలూకీయం, అంటే కాకుల, గుడ్లగూబల కథ, అంతా ఈ పగ కథే. చీకటి పడితే లెక్క తిరగబడుతుంది. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ మర్రిచెట్టు కింద నిద్ర పట్టక చూసింది అదే. గుడ్లగూబ ఒకటి వచ్చి కొమ్మల మీద నిద్రపోతున్న కాకులను చంపింది. పాండవ శిబిరం మీద రాత్రివేళ పడాలన్న దుర్బుద్ధి అతనికి అక్కడే పుట్టింది.

దివాంధం అని మరో పేరుంది. అది నాకు నచ్చదు. గుడ్లగూబకు పగలు కళ్లు కనబడవన్నది ఒట్టి మాట. వెలుగులో కంటిపాప కుంచించుకుంటుంది, చూపు మాత్రం ఉంటుంది. పత్రికల్లో ప్రతి చేతకాని అధికారినీ ‘దివాంధుడు’ అని తిట్టేవారు ఆ పక్షికి అన్యాయం చేస్తున్నారు, మాటకూ అన్యాయం చేస్తున్నారు.

ఇక దివాభీత శబ్దానికి కావ్యగౌరవం ఎక్కడ దక్కిందో చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. కుమారసంభవం మొదటి సర్గలో కాళిదాసు హిమాలయాన్ని వర్ణిస్తూ అంటాడు:

దివాకరాద్రక్షతి యో గుహాసు
లీనం దివాభీతమివాంధకారమ్ ।
క్షుద్రేఽపి నూనం శరణం ప్రపన్నే
మమత్వముచ్చైఃశిరసాం సతీవ ॥

గుహల్లో నక్కిన చీకటిని ఆ కొండ సూర్యుడి బారి నుంచి కాపాడుతోందట. ఎలాంటి చీకటి? దివాభీతం లాంటి చీకటి. తల ఎత్తుకుని నిలిచిన గొప్పవారికి, శరణు కోరి వచ్చినది అల్పమైనదే అయినా, సజ్జనుడి మీద ఉండే మమతే దాని మీదా ఉంటుందట.

ఇక్కడ ‘దివాభీతమివ’ అన్నదాన్ని రెండు విధాలా చదువుకోవచ్చు. గుడ్లగూబలా దాక్కున్న చీకటి అనవచ్చు. పగటివేళ భయపడినట్టున్న చీకటి అనీ అనవచ్చు. కవి రెండింటినీ ఉండనిచ్చాడు. మరొక సొగసు చూడండి. భయం, రక్షణ అనే అర్థాలున్న ధాతువులతో భయకారణానికి అపాదానత్వం, అంటే పంచమీ విభక్తి వచ్చే సంబంధం, చెబుతూ పాణిని ‘భీత్రార్థానాం భయహేతుః’ అని ఒకే సూత్రం చేశాడు. శ్లోకం మొదట్లోని ‘దివాకరాత్’ అన్వయంలో ‘రక్షతి’, కాపాడుతోంది, అనే క్రియకు చెందుతుంది. కానీ చెవిన పడిన పంచమి ‘భీత’ శబ్దం దాకా వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి కోశం విప్పి చెప్పేటప్పుడు ‘పగటిపూట భయపడి ఉండేది’ అనండి. ఈ శ్లోకాన్ని తలచుకుని ఎవరైనా ‘పగటికి భయపడేది’ అంటే నేను తప్పు పట్టను.

నన్ను కట్టిపడేసేది ఈ శ్లోకం రెండో సగం. ‘ఉచ్చైఃశిరసామ్’ అన్నచోట శిరస్సు తలా అయింది, కొండ శిఖరమూ అయింది. ‘మమత్వం’లో ఉన్నది ‘మమ’, నాది అనే మాట. చీకటిని చూసి కొండ ‘ఇది నాది’ అంటోంది. ఇక ‘శరణం ప్రపన్నే’! తిరుపతి చుట్టుపక్కల పుట్టినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున సుప్రభాతం తరవాత వచ్చే ప్రపత్తిలో ‘శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే’ అని మనం రోజూ వినేది ఆ ధాతువే, ఆ శరణమే. మనం మన కోసం అనుకునే మాటను కాళిదాసు గుడ్లగూబలా దాక్కున్న చీకటికి ఇచ్చాడు. గుడ్లగూబకు ఆధ్యాత్మికార్థం ఏమిటని అడిగితే నేను చూపించేది ఈ ఒక్క మాట. అది శరణు కోరిన ప్రాణి. కాదనకుండా చోటిచ్చింది కొండ.

మన జిల్లా శ్రీకాళహస్తిలో ధూర్జటి కూడా ఈ దారినే నడిచాడు. ‘ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్ చూచె?’ అని అడిగాడు. జనం చీపురుతో దులిపేసే సాలెపురుగూ, కర్ర పట్టుకుని వెంటబడే పామూ ఆ క్షేత్రం పేరులోనే ఉన్నాయి. అవి దేనికీ సంకేతాలు కావు, స్వయంగా భక్తులు. ఈ తేడా పిల్లలకు తప్పక చెప్పండి.

పై శ్లోకంలో ‘క్షుద్ర’ అంటే అల్పం, చిన్నది, అంతే. ఈనాడు ఆ మాట వినగానే నిమ్మకాయలూ ముగ్గులూ కళ్ల ముందుకు వస్తున్నాయి. క్షుద్ర పూజలు, క్షుద్ర విద్యలు అని రాసి రాసి అర్థాన్ని ఇరుకు చేశారు. మాట చెడితే చెడింది, ప్రాణాలు కూడా పోతున్నాయి. దీపావళి వస్తోందంటే దేశంలో చాలాచోట్ల ఈ పూజల పేరిట గుడ్లగూబలను పట్టి అమ్ముతారు, బలి ఇస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఈ ఒక్క వాక్యం మీ గోడపత్రికలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

లక్ష్మీవాహనం సంగతి. గుడ్లగూబ మీద లక్ష్మి అనే సంప్రదాయం ముఖ్యంగా వంగదేశానిది, అంటే బెంగాల్‌ది. ఆశ్వయుజ పూర్ణిమ రాత్రి అక్కడ కోజాగరీ లక్ష్మీపూజ చేస్తారు. ‘కో జాగర్తి’, ఎవరు మేలుకొని ఉన్నారు, అని అమ్మవారు అడుగుతూ తిరుగుతుందని ఆ పేరు. రాత్రంతా మేలుకొని ఉండే పక్షి ఆమె పక్కకు చేరడానికి ఇదే కారణమై ఉంటుందని నా ఊహ. అందరికీ రాత్రి అయిన వేళ సంయమి, అంటే ఇంద్రియ నిగ్రహం గలవాడు, మేలుకొని ఉంటాడన్న గీతావాక్యాన్ని దీనికి జోడించేవారున్నారు. జోడింపు అందంగానే ఉంది గాని గీతలో పక్షి లేదు. మన వైపు మాత్రం ఏనుగుదే పెత్తనం. తిరుచానూరులో కార్తిక బ్రహ్మోత్సవాలకు ఎగరేసేది గజధ్వజం, అమ్మవారి వాహనసేవల్లో జనం ఎదురుచూసేది గజవాహనం.

అపశకునమన్న నమ్మకమూ పాతదే. ఋగ్వేదం పదో మండలం 165వ సూక్తంలో ‘యదులూకో వదతి మోఘమేతత్’ అని ఉంది. గుడ్లగూబ పలికినది వ్యర్థమైపోవాలని ప్రార్థన. కానీ ఆ సూక్తంలో అసలు భయం గుడ్లగూబది కాదు, పావురానిది! ఇంట్లో దూరిన పావురం అక్కడ కీడు తెచ్చే దేవత నిరృతి పంపిన దూత. ఇవాళ శాంతికి గుర్తని మనం ఎగరేస్తున్నది ఆ పావురాన్నే. శకునాలకు శాశ్వతత్వం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? గుడ్లగూబ జ్ఞానానికి గుర్తు అని మీ పిల్లలు రాసి ఉంటే, అది గ్రీకుల అథీనా దేవత వద్ద నుంచి వచ్చినది. ఫోనులో దొరికిన పట్టికలు చూసి ఇది జ్ఞానం, అది మరణం, ఇంకొకటి పునర్జన్మ అని గళ్లు నింపేయడం నాకు బొత్తిగా రుచించదు. మనకు కావాలంటే షడ్దర్శనాల్లో ఒకటైన వైశేషికానికి, ఉలూకం అంటే గుడ్లగూబ అనే మాట నుంచి వచ్చిన ఔలూక్య దర్శనమనే పేరుంది, దాన్ని చెప్పుకోవచ్చు.

మిగిలినవి క్లుప్తంగా. కౌశిక శబ్దానికి ఇంద్రుడు, గుగ్గిలం, గుడ్లగూబ, పాములవాడు అని అమరం నాలుగు అర్థాలు చెప్పింది. తిరుమలలో జరిగే కైశిక ద్వాదశిని కొందరు ‘కౌశిక ద్వాదశి’ అని అచ్చు వేస్తున్నారు, అది తప్పు. ఆడనక్కకు సంస్కృతంలో ‘శివా’ అని పేరు, అంటే మంగళకరమైనది. తెలుగులోనూ అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటాం. గబ్బిలం గుడిలో తలకిందులుగా వేలాడుతుందని ఏవగించుకునేవారు 1941లో జాషువ రాసిన పద్యం చదవాలి. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడి చెవిన వేయమని దాన్నే బతిమాలాడు, ‘మౌని ఖగరాజ్ఞి’ అని పిలిచాడు.

అచ్చతెలుగులో గుడ్లగూబకు ‘పైడికంటి’ అనే పేరుంది. బంగారు కన్నులది. సంజవేళ పాత చింతచెట్టు తొర్ర దగ్గర చిన్న గుడ్లగూబ తల పైకీ కిందికీ ఆడిస్తూ మనవైపు తేరిపార చూస్తుంది. ఆ పసుపుపచ్చని కన్ను చూసినవారు ఈ పేరు మరవరు. ఇంత మంచి మాటను పాఠ్యపుస్తకాల్లో ఎందుకు చేర్చరో నాకు అర్థం కాదు.

ఇక గూబ. పలమనేరు దాటితే కన్నడంలో గూబె, నగరి దాటితే తమిళంలో కూగై, సంస్కృతంలో ఘూకం. అన్నిటిలోనూ ఆ పక్షి కూతే వినిపిస్తోంది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న తగవులోకి నేను దిగను. చెవి గూబ వేరే మాట అని నా అభిప్రాయం, రూపం మాత్రం కలిసింది. గుడ్లగూబలో ‘గుడ్లు’ కనుగుడ్లే. అయితే వాటిని అది కదపలేదు. పక్కకు చూడాలంటే తలే తిప్పాలి, ఆ తల 270 డిగ్రీల దాకా తిరుగుతుంది. కాబట్టి ‘గుడ్లగూబలా గుడ్లు తిప్పాడు’ అని పిల్లలచేత రాయించకండి. ‘గుడ్లు మిటకరించాడు’ అంటే సరిపోతుంది.