ప్రొఫైలర్ రాయబోతున్న బిడ్డకు పెద్దనాయన ఉత్తరం

మిర్యాలగూడ

చిరంజీవి బిడ్డకు,

లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూపే ప్రొఫైలర్‌ను నువ్వే రాస్తున్నావని మీ నాయన చెప్పాడు. పగలంతా వాడకట్టులో గొప్పగా చెప్పుకున్నాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

నడుస్తున్న కెర్నల్‌లోని ఫంక్షన్ల చిరునామాలు కాల్‌సిమ్స్ (/proc/kallsyms) ఫైలులో ఉంటాయని నీకు తెలుసు. అన్నీ సున్నాలే కనిపిస్తే ఆ చిరునామాలను దాచే కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ (kptr_restrict) సెట్టింగ్ విలువ చూడు. అది 2గా ఉంటే అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కు కూడా సున్నాలే వస్తాయి.

నా భయం వేరు. ఒకప్పుడు సర్వర్ నెమ్మదించిందని ప్రాసెసర్ ఏ చిరునామా దగ్గర ఉందో చెప్పే శాంపిల్స్ తీసి, వాటిని బిల్డ్‌లో ఫంక్షన్ల చిరునామాలు రాసిపెట్టే సిస్టమ్ మ్యాప్ ఫైలుతో పోల్చాను. యూనేమ్ కమాండ్ చూపిన కెర్నల్ వెర్షన్, ఫైలు పేరులోని వెర్షన్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావడంతో అనుమానమే రాలేదు. అంతకు ముందు వారమే ఎవరో ఒక్క ఆప్షన్ మార్చి కెర్నల్‌ను మళ్లీ బిల్డ్ చేశారు. వెర్షన్ అదే ఉంది, లోపలి ఫంక్షన్లు జరిగిపోయాయి. పాత మ్యాప్ ప్రకారం ఖర్చంతా పక్క బల్ల కుర్రవాడి ఫంక్షన్ మీద పడింది. నలుగురిలో అతణ్ణి నిలదీశాను. పది రోజులు తిరగరాసినా వేగం ఇసుమంత పెరగలేదు. చివరికి అతనే పాత వీఎంలైనక్స్‌ను, అంటే బిల్డ్‌లో తయారైన కెర్నల్ ఫైలును, డిస్అసెంబుల్ చేసి ఇన్‌స్ట్రక్షన్లుగా విడదీసి, నా శాంపిల్ చిరునామా ఒక ఇన్‌స్ట్రక్షన్ నడిమధ్యలో పడుతోందని వేలు పెట్టి చూపించాడు. ప్రాసెసర్ అలా మధ్యలో నిలబడదు కదా! ఆ తర్వాత అతను నాతో టీ తాగడానికి రాలేదు.

కాబట్టి వెర్షన్ పేరును నమ్మకు. సిస్ కింద కెర్నల్ నోట్స్‌ (/sys/kernel/notes) ఫైలులో ఉన్న బిల్డ్ ఐడీ, అంటే ఆ బిల్డ్‌ను గుర్తించే సంఖ్య, నీ వీఎంలైనక్స్‌లోని ఐడీతో కలవకపోతే ఫంక్షన్ పేర్లే చూపించవద్దు, ఉత్త చిరునామాలు చాలు.

ఇప్పుడు కేఏఎస్ఎల్ఆర్ (KASLR), అంటే దాడులను అడ్డుకోవడానికి కెర్నల్ చిరునామాను మార్చేసే ఏర్పాటు, కూడా తోడైంది. ఎక్స్86 ప్రాసెసర్లలో అది 2014లో కెర్నల్ 3.14తో వచ్చి, 2017లో 4.12 నుంచి డిఫాల్ట్ అయింది. ముంపు ఊరిని ఇళ్ల వరుస చెదరకుండా ఎత్తి గట్టు మీద దించినట్లు, ప్రతి బూట్‌లో కెర్నల్ కోడ్ మొత్తం మరోచోట దిగుతుంది. కాల్‌సిమ్స్‌లోని టెక్స్ట్ సింబల్ చిరునామా నుంచి వీఎంలైనక్స్‌లో దానికున్న చిరునామాను తీసేస్తే ఎంత జరిగిందో తేలుతుంది. కెర్నల్ నడుస్తుండగా జతచేసే ముక్కలైన మాడ్యూళ్లకు ఆ లెక్క పనికిరాదు; అవి విడిగా లోడ్ అవుతాయి, అన్‌లోడ్ చేస్తే జాడ కూడా ఉండదు. అందుకే రీబూట్ కాకముందే, శాంపిల్స్‌తో పాటే కాల్‌సిమ్స్‌నూ మాడ్యూళ్ల జాబితానూ దాచుకో.

వేళకు తిను, బిడ్డా. మొదటి రిపోర్టులో ఎవరి ఫంక్షన్ పైకి వచ్చినా, మీటింగ్‌లో చెప్పే ముందు ఆ బిల్డ్ ఐడీలు రెండూ నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దనాయన