డాబా మీది జెండా, పక్కింటి ఫిర్యాదు

ప్రశ్న: ఆగస్టు 15న మా డాబా మీద కట్టిన జెండాను ఇంకా దించలేదు. రాత్రిపూట జెండా ఉంచడం నేరమని, పోలీసులకు ఫిర్యాదు చేస్తానని పక్కింటాయన బెదిరిస్తున్నారు. గాలికి జెండా అంచు చిరిగింది, దానికీ శిక్ష ఉంటుందట. కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలదని కూడా ఆయనే చెబుతున్నారు. చట్టంలో అలా ఉందా? పాత జెండాను ఏం చేయాలి?

జవాబు: రాత్రి సంగతి ముందు తేల్చుకుందాం. సూర్యాస్తమయానికి జెండా దించాలన్న నియమం ఉండేది, అబద్ధం కాదు. అయితే 2022 జులైలో కేంద్రం జెండా నియమావళిని సవరించింది. ఆరుబయట గానీ, పౌరుల ఇళ్ల మీద గానీ ఎగిరే జెండాను రాత్రింబవళ్లు ఉంచవచ్చు. పక్కింటాయన పాత నియమం దగ్గరే ఆగిపోయారు.

అసలు ఇంటి మీద జెండా ఎగరేసుకునే హక్కే మనకు తేలిగ్గా రాలేదు. 2002 జనవరి 26న ఇప్పటి నియమావళి అమల్లోకి వచ్చేదాకా సామాన్యులకు కొన్ని ప్రత్యేక దినాల్లోనే ఆ వీలుండేది. రాయగఢ్‌లోని తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేస్తే అధికారులు అడ్డుపడ్డారని పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కోర్టుకెక్కారు. గౌరవంగా జెండా ఎగరేయడం రాజ్యాంగం 19(1)(ఎ) కింద పౌరుడి భావప్రకటన హక్కులో భాగమేనని 2004లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. నియమావళి చట్టం కాదనీ, అయినా జెండా గౌరవాన్ని కాపాడే నిబంధనలను పాటించాల్సిందేననీ అదే తీర్పులో చెప్పింది. మీ వ్యవహారంలో అసలు కీలకం ఈ మాటే.

ఎందుకంటే జైలుశిక్ష ఉన్నది నియమావళిలో కాదు, జాతీయ గౌరవానికి జరిగే అవమానాలను నిరోధించే 1971 నాటి చట్టంలో. నలుగురికీ కనిపించే చోట జెండాను కాల్చినా, చించినా, తొక్కినా, మరోలా అవమానించినా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కావాలని కాషాయం కిందికి వచ్చేలా కట్టినా, కావాలని నేలకు తాకనిచ్చినా అవమానమే. గాలి చించిన అంచు ఈ కోవలోకి రాదు. కానీ చిరిగిన జెండాను ప్రదర్శించకూడదని నియమావళి స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో పక్కింటాయన మాటలో సగం నిజముంది. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఈరోజే దించేయండి.

ఇక రంగుల మాట. ఇది మన గడ్డ మీది కథే. 1921లో విజయవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతా మతాలవారి కోసం తెలుపు చేర్చమన్నది గాంధీజీ. మధ్యలో రాట్నం. రంగులకు మతాలను అంటగట్టడంపై గొడవలు రావడంతో 1931లో కాంగ్రెస్ ఎరుపును కాషాయంగా మార్చి, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానించింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతో, పచ్చటి చెట్టూచేమతో మనకున్న బంధానికి గుర్తులని, చక్రం ధర్మానికీ చలనానికీ సంకేతమని సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ వివరించారు. నియమావళి పీఠికలో ఉన్నదీ ఆ వివరణే. పక్కింటాయన ఇక్కడ మరీ వెనకబడ్డారు, ఏకంగా 1921లో ఉన్నారు.

కొత్తది కొనాలంటే ఖాదీయే కానక్కరలేదు. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టర్‌వీ, యంత్రాల మీద తయారైనవీ చెల్లుతాయి. పొడవు వెడల్పులు 3:2లో ఉండాలి. అదే కర్రకు పార్టీ జెండా, ఉత్సవ జెండా కట్టకండి.

పాత జెండాను చెత్తబుట్టలో వేయకూడదు, తుడుపుగుడ్డగా వాడకూడదు. ముక్కలు చేయకుండా మొత్తంగా, ఏకాంతంగా, వీలైతే కాల్చి, గౌరవానికి భంగం కలగకుండా నాశనం చేయాలని నియమావళి చెబుతోంది. ఏకాంతంగా అన్న మాట మరచిపోవద్దు. నలుగురూ చూసే చోట నిప్పు పెడితే ఇందాక చెప్పిన చట్టం మీ మీదికే వస్తుంది. ఆ పని డాబా మీద మాత్రం పెట్టుకోకండి, పక్కింటాయన ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంటారు.